పొగకు దారి ఉండాలి

(మన సంఘ సభ్యుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమనగానే కరువు భత్యం బకాయిల గురించో, నవంబరులో ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ గురించో చెబుతాననుకొని ఉంటారు. ఆ విషయాల్లో నాకంటే సమర్థులు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను ఒక ఇనుప డ్రమ్ము గురించి చెబుతాను. మన్సూరాబాద్‌లో మా డాబా మీద ఆ డ్రమ్ముతో నేనొక పొగపొయ్యి తయారు చేసుకొన్నాను. అందులో కోడి అయినా, వంకాయ అయినా మంట తగలకుండా, సన్నని సెగ మీద, కట్టె పొగలో గంటల తరబడి మగ్గుతుంది. అమెరికాలో దీనిని స్మోకర్ అంటారు.

2023 వేసవి సెలవుల్లో టెక్సాస్ నుండి మా మనుమడు వచ్చాడు. పదహారేళ్ళవాడు. వాడికి తెలుగు కొంచెం, నాకు వాడి ఇంగ్లీషు కొంచెం. రెండు రోజుల్లో మా మాటలు అయిపోయాయి. మూడోనాడు వాడు కాగితం మీద ఒక డ్రమ్ము బొమ్మ గీసి, "తాతా, మనం ఇది చేద్దామా?" అన్నాడు. కాగితం కనబడితే కాదనలేని జాతి కదా మనది! సరేనన్నాను.

మా ఇంటావిడ మాత్రం, "పొగ పోవాలని గ్యాసు తెచ్చుకొంటిమి. మళ్ళ పొగ తెస్తున్నరా ఇంట్లకు?" అన్నది. ఆ మాటలో ఎంత నిజముందో నాకు తర్వాత తెలిసింది.

ముందు తయారీ సంగతి. నూనె వ్యాపారి దగ్గర 200 లీటర్ల పాత డ్రమ్ము కొన్నాము. వంట నూనె పోసినదే తీసుకోవాలి. రసాయనాలు పోసిన డ్రమ్ము ఎంత కడిగినా పనికి రాదు. మూసి ఉన్న డ్రమ్మును నిప్పుతో కోస్తే లోపలి ఆవిరి పేలవచ్చు. కనుక మా వెల్డరు దానిని నిండా నీళ్ళతో నింపి, పైభాగాన్ని ఉలితో కోశాడు. ఆ రేకుకే పట్టీ అతికి మూతగా మార్చాడు. తర్వాత లోపల కట్టెలు పేర్చి గంటన్నర మండించి, రంగంతా కాల్చేసి, గీకి, కడిగి, కొత్త దోసె పెనానికి పూసినట్టు నూనె పూసి మళ్ళీ వేడి చేశాము. జింకు పూత ఉన్న రేకు, జాలీ లోపల వాడకూడదు. బాగా వేడెక్కితే ఆ జింకు పొగ మనిషికి చేటు.

డ్రమ్ము ఎత్తు సుమారు 88 సెంటీమీటర్లు, వెడల్పు 58. అడుగు నుండి ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తున బొగ్గుల బుట్ట. దాని కింద బూడిద రాలడానికి చోటు. బుట్ట అడుగుకు 60 సెంటీమీటర్ల పైన పదార్థం పెట్టే జాలీ. కింద పక్కన గాలి లోపలికి పోవడానికి మూడు రంధ్రాలు, ఒక్కొక్కటి ముప్పావు అంగుళం. వాటిలో ఒకదానికి నల్లా బిగించాము. మిగతా రెండింటికి మూతలు. రాణిగంజ్‌లో కొన్న ఉష్ణమాపకం జాలీ ఎత్తున పెట్టాము.

ఇక నా పొరపాటు. డ్రమ్ము మూతకు మొదటినుంచీ రెండంగుళాల బిరడా రంధ్రం ఉంది. దానిని తెరిచి పెట్టాలని మనుమడు గీసిన బొమ్మలో ఉంది. నేను హైదరాబాదీ బుద్ధితో, "పిచ్చివాడా, దమ్ బిర్యానీకి పిండి పెట్టి మూయమా? పొగ బయటికి పోతే రుచి పోదూ?" అని బిరడా బిగించేశాను. మూత అంచున తడి గుడ్డ కూడా చుట్టాను. మూడు గంటల తర్వాత తెరిస్తే కోడి నల్లగా, తారు పూసినట్టుంది. నోట పెడితే చేదు. కుక్క కూడా వాసన చూసి వెళ్ళిపోయింది.

కారణం తర్వాత గ్రహించాను. బిర్యానీ దమ్ములో నిప్పు గిన్నె బయట ఉంటుంది. లోపల ఉండేది ఆవిరి. దానిని మూసినా నష్టం లేదు. డ్రమ్ములో నిప్పే లోపల ఉంది. దమ్ అంటే ఊపిరి. నిప్పుకు ఊపిరి ఆడకపోతే కట్టె సరిగా కాలక తెల్లటి చిక్కని పొగ లేస్తుంది. అందులోని తారు పదార్థం మాంసానికి పట్టుకొంటుంది. గాలి సరిగా ఆడితే పొగ పల్చగా, నీలంగా, కనీ కనపడనట్టు వస్తుంది. రుచినిచ్చేది ఆ పొగే. మనకు తెలిసిన మాటలో చెప్పాలంటే, పొగ కూడా ఫైలు లాంటిది. వచ్చి, పని చేసి, వెళ్ళిపోవాలి. బల్ల మీదే ఉండిపోతే చేదెక్కుతుంది.

1952లో చికాగో దగ్గర లోహపు పనుల కంపెనీలో ఉద్యోగి జార్జ్ స్టీఫెన్, నీళ్ళ మీద తేలే బోయాను అడ్డంగా కోసి మూతపొయ్యి చేశాడు. ఆ వెబర్ పొయ్యికి నేటికీ అడుగున, మూతకు గాలి దారులు ఉంటాయి. మనుమడి బొమ్మలోనూ ఉన్నది అదే.

మరుసటి ఆదివారం పై దారి పూర్తిగా తెరిచి, వేడిని కింది నల్లాతో అదుపు చేశాము. మూడు కిలోల బొగ్గు, పిడికెడంత ఎండు జామకట్టె ముక్కలు మూడు. వేడి 110 నుండి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలిచింది. కోడి తొడలకు రెండు గంటలు పట్టింది. లోపలి మాంసం 74 డిగ్రీలకు వచ్చాకనే తీశాము. శాకాహారులు చిన్నబోవద్దు. గుత్తొంకాయ సైజు వంకాయలను గంటన్నర ఉంచి పచ్చడి చేస్తే, కట్టెల పొయ్యి మీది వంకాయ పచ్చడి గుర్తుకు వచ్చింది. మామిడి, జామ, చింత కట్టె మంచివి. వేప చేదు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ అసలే వద్దు.

ఇంతవరకు వినోదం. ఇప్పుడు చెప్పేది వినోదం కాదు.

జులైలో ఒక సాయంత్రం వంట ముగించాక వాన మొదలైంది. డ్రమ్ము తడుస్తుందని, నిప్పు దాదాపు ఆరిందని, మెట్ల గదిలోకి జరిపి తలుపు వేశాను. పిల్లవాడు అక్కడే మెట్ల మీద కూర్చుని ఫోను చూసుకొంటున్నాడు. అరగంట తర్వాత మా ఇంటావిడ పిలిస్తే పలకలేదు. వెళ్ళి చూస్తే తల పట్టుకొని గోడకు ఒరిగి ఉన్నాడు. వాంతి చేసుకొన్నాడు. ఆమె తలుపులు బార్లా తీసి వాడిని వానలోకే లాక్కొచ్చింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. రాత్రికి తేరుకొన్నాడు. ఆ రాత్రి టెక్సాస్‌కు ఫోను చేసి కొడుకుకు సంగతి చెప్పడం నా జీవితంలో అన్నిటికంటే కష్టమైన పని.

అది కార్బన్ మోనాక్సైడ్. బొగ్గు సరిగా కాలనప్పుడు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. పొగ కనపడనంత మాత్రాన ప్రమాదం లేదనుకోవడం నా రెండో పొరపాటు.

ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు మా అమ్మ గుర్తుకు వచ్చింది. చౌటుప్పల్ పక్క పల్లెలో మా వంటింటికి కిటికీ లేదు. పొగ వాసాలకు నల్లగా పట్టి ఉండేది. అమ్మ గొట్టంతో ఊదుతూ, కొంగుతో కళ్ళు తుడుచుకొనేది. ముసలితనంలో ఆయాసం వచ్చింది. డాక్టరు, "అమ్మా, బీడీలు తాగుతవా?" అని అడిగాడు. అమ్మ నవ్వింది. ఆమె తాగింది పొయ్యిని.

విచిత్రమేమంటే, దారి చూపినవారు మన హైదరాబాదులోనే ఉన్నారు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాశాలలో పని చేసిన ఎస్.పి. రాజు గారు పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యి రూపొందించి, 1953లో దానిపై పుస్తకమే ప్రచురించారు. అది మా పల్లె దాకా రాలేదు. 1999లో ప్రభుత్వం దీపం పథకం కింద పేద స్త్రీలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చినప్పుడు, మండలాఫీసులో ఆ దరఖాస్తులు వరుస నంబర్లు వేసి కట్టలు కట్టినవాణ్ణి నేనే. అప్పుడవి నాకు కాగితాలు. ఆ కట్టలో ఒక్కొక్క కాగితం ఒక్కొక్క తల్లి ఊపిరి అని ఆసుపత్రి వరండాలో తెలిసింది.

డ్రమ్ము పారేద్దామనుకొన్నాను. మనుమడే వద్దన్నాడు. "తాతా, తప్పు డ్రమ్ముది కాదు, తలుపుది" అన్నాడు. ఇప్పుడది డాబా నడుమ ఇటుకల మీద ఉంది. పని అయ్యాక గాలి దారులన్నీ మూసి ఆరుబయటే వదిలేస్తాను. మర్నాడు బూడిద చల్లారిందని చేత్తో చూసిన తర్వాతే ముట్టుకొంటాను. పక్కింటివారు బట్టలు ఆరేసే వేళ కాకుండా చూసుకొంటాను. నెలకొకసారి కంటే వెలిగించను. పొగబెట్టి నిలవచేసిన మాంసం కూడా చేరిన ప్రాసెస్డ్ మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. మన వయసుకు రుచి చాలు, కడుపు నిండనక్కరలేదు.

చివరగా ఒక మనవి. చలికాలంలో మనలో కొందరు కుంపటి గదిలో పెట్టుకొని తలుపులు బిగించి పడుకొంటారు. ఊళ్ళలోని బంధువులు కూడా అలాగే చేస్తారు. ఈ సంచిక ఇంటికి వెళ్ళాక వారికి ఈ ఒక్క పేరా చదివి వినిపించండి. నిప్పు ఉన్న చోట గాలికి రావడానికి ఒక దారి, పోవడానికి ఒక దారి ఉండాలి.

ఈ వేసవికి మనుమడు మళ్ళీ వస్తున్నాడు. వంకాయలు తెచ్చుకొన్నవారికి మా డాబా మీద స్వాగతం. కుర్చీలు గాలికి ఎదురుగా వేయిస్తాను.