పాత లారీ, దాని కంప్యూటరు: దోషమును కనుగొను విధము



స్టేషన్ ఘన్‌పూర్ హైదరాబాదు–వరంగల్లు రహదారి మీదనున్న ఊరు. ధాన్యపు బస్తాలు మోయు లారీ ఇచ్చటి యజమానికిని, డ్రైవరుకును, హమాలీకిని అన్నము పెట్టు యంత్రము. కోతల కాలమున అది దారిలో ఆగిపోయినచో ఒక దినపు కిరాయి పోవుటయే గాక, నెల వాయిదాయు తప్పును. దోషము ఒకచోట నుండగా మరియొకచోట ఖరీదైన భాగమును మార్చినచో ఆ నష్టము రెట్టింపగును.

పూర్వపు డీజిలు ఇంజనుకు విద్యుత్తుతో పని తక్కువ. స్టార్టరు తిప్పిన పిమ్మట పంపే ఇంధనమును కొలిచి పంపుచుండెను. పొగను అదుపుచేయు నిబంధనలు కఠినమైన కొలది ఆ కొలత కంప్యూటరు వశమైనది. భారత్ స్టేజి నాలుగవ ప్రమాణము 2017 ఏప్రిల్ 1 నుండియు, ఆరవది 2020 ఏప్రిల్ 1 నుండియు దేశమంతటను అమలులోనికి వచ్చెను. కావున నేడు పాతబడిన లారీలలో సైతము కంప్యూటరు గలవి పెక్కు కలవు. వాటి తీగలకును వయసు మీరినది.

ఈ కంప్యూటరు పూర్వపు పట్వారీ వంటిది. తాను పొలమునకు పోక, ఇతరులు చెప్పినదానినిబట్టి లెక్క వ్రాయును. నీటి వేడిమిని, ఇంధన పీడనమును, క్రాంకు తిరుగుడును సెన్సరులు దానికి తెలుపును. వీనిలో పెక్కింటికి కంప్యూటరే 5 వోల్టులు పంపి, తిరిగి వచ్చిన వోల్టులనుబట్టి సంగతి గ్రహించును.

దీపము వెలిగినప్పుడు స్కానరు పెట్టినచో కోడు కనబడును. దానిని చెరిపివేయక ముందు కాగితముపై వ్రాసికొనవలెను. నీటి వేడిమి సెన్సరు కోడు వచ్చినంత మాత్రమున ఆ సెన్సరు చెడినదని కాదు. ఆ దారిన వచ్చిన సంకేతము హద్దు మీరినదని మాత్రమే దాని యర్థము. కోడు సాక్షియే గాని న్యాయాధిపతి కాదు. నాలుగైదు కోడులు ఒక్కసారి వచ్చినచో, ఆ సెన్సరులన్నిటికిని ఉమ్మడియైన దానిని వెదకవలెను. ఒక తీగ ఒరిసికొని చాసిసుకు తగిలినను 5 వోల్టులు పడిపోయి, మంచి సెన్సరులు కూడ తప్పు చెప్పును. అట్టిచో సెన్సరులను ఒక్కొక్కటిగా విప్పి చూడవలెను. దేనిని విప్పగా 5 వోల్టులు తిరిగి వచ్చునో దోషము ఆ శాఖలోనే యున్నది.

అన్నిటికంటె ముందు బ్యాటరీలు. 24 వోల్టుల లారీలో 12 వోల్టులవి రెండు వరుసగా కలుపబడియుండును. విశ్రాంతిలో నున్న నిండు బ్యాటరీ ఒక్కొక్కటి సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను నడుచునప్పుడు రెండింటికి కలిపి సుమారు 28 వోల్టులు రావలెను.

తరువాత ఎర్తు తీగ. చెరువు నిండియున్నను తూము పూడినచో పొలమునకు నీరు పారదు. మీటరు ఒక కొనను బ్యాటరీ ఋణ ధ్రువముపైనను, రెండవ కొనను ఇంజను లోహముపైనను ఉంచి స్టార్టరు తిప్పవలెను. అరవోల్టునకు మించి చూపినచో ఆ దారిలో తుప్పో, వదులైన బోల్టో కలదు. పని లేనప్పుడు ఓములలో కొలిచిన ఈ దోషము బయటపడకపోవచ్చును. ఒక్క పోగు మిగిలిన తీగయు అప్పుడు మంచిదిగనే కనబడును.

పిమ్మట ఫ్యూజులు, రిలేలు, పచ్చ చిలుము పట్టిన కనెక్టరులు చూడవలెను. ఇంజను నడుచుచుండగా తీగల కట్టను మెల్లగా కదల్చినప్పుడు లోపము వచ్చి పోవుచున్నచో, అది అచ్చటనే యున్నది. కంప్యూటరు కనెక్టరు వద్ద విద్యుత్తును, ఎర్తును, సెన్సరు సంకేతములును సరిగానుండి, దాని ఆజ్ఞ మాత్రము వెలువడనప్పుడే కంప్యూటరును శంకింపవలెను.

రెండు జాగ్రత్తలు మరువరాదు. చాసిసుకు వెల్డింగు చేయు ముందు బ్యాటరీ తీగలను, కంప్యూటరు కనెక్టరును విప్పవలెను. నడుచుచున్న ఇంజనులో ఇంధనపు పీడన గొట్టమును వదులుచేయరాదు. ఆ ధార చర్మమును చీల్చి లోనికి చొచ్చుకొనిపోగలదు.

ఈ పనికి మీటరుతోపాటు ఆ లారీ తీగల పటమును కావలెను; ఏ రంగు తీగ ఎచ్చటికి పోవునో అందులోనే యుండును. హనుమకొండలో 1904లో శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినప్పటినుండి ఈ ప్రాంతమున గ్రంథాలయములు చదువరులను పెంచినవి. కావ్యముల ప్రక్కన నొక లారీ మరమ్మతు గ్రంథమునకు కూడ బీరువాలో చోటిచ్చినచో, రహదారి ప్రక్కన పానా పట్టిన యువకుడును ఈ గ్రంథాలయపు పాఠకుడగును.