దక్షిణ అండమాన్ జిల్లా: నేల, జీవిక, పాలన

(గోల్ ఘర్‌లో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హిందీ నుండి తెలుగులోనికి అనువదించడం నా వృత్తి. ప్రభుత్వ పత్రాలలో ‘ముఖ్య భూమి’ అన్న మాట ఎదురైనప్పుడల్లా నా కలం ఆగుతుంది. సముద్రానికి ఆవలనున్నది ముఖ్య భూమి అయితే, మీరు పుట్టి పెరిగిన ఈ నేల ఏమవుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం ఈ జిల్లా స్వరూపంలోనే ఉన్నది.

చెన్నైకీ మనకూ నడుమ దాదాపు 1,190 కిలోమీటర్ల సముద్రం ఉన్నది. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిసినా, వేసవిలో మంచినీటికి కటకటే. కొండవాలుల మీద పడిన నీరు త్వరగా కడలిని చేరుతుంది. నిలువ చేయడానికి ధనీఖాడీ వంటి జలాశయాలే ఆధారం. 2011 జనాభా లెక్కల ప్రకారం జిల్లా జనసంఖ్య 2,38,142. ఈ ద్వీపాలు ఎందరిని పోషించగలవన్న ప్రశ్నకు కొలమానం నేల వైశాల్యం కాదు, నీరు.

ఇక జీవిక. చాథమ్‌లో రంపపు మిల్లు 1883లో వెలసింది. అడవి కలపే చాలాకాలం ప్రధాన ఆదాయం. 2002లో సుప్రీంకోర్టు చెట్ల నరికివేతపై గట్టి ఆంక్షలు విధించిన తరువాత ప్రభుత్వోద్యోగాలు, పర్యాటకం, చేపలవేట ముఖ్యమైనవి. కొబ్బరి, పోక తోటలున్నా, బియ్యం మాత్రం ఓడలో రావలసిందే. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంతో ఇక్కడి నేల కుంగి, సిప్పీఘాట్ ప్రాంతంలో వరి పొలాలు ఉప్పునీటి పాలైనవి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వచ్చి జంగ్లీఘాట్‌లో స్థిరపడిన మన మత్స్యకారులకు ఈ సముద్రమే పొలం. 2011లో ద్వీపవాసులలో నూటికి 13 మంది తమ మాతృభాష తెలుగని చెప్పారు.

పాలన విషయానికి వస్తే, 1956 నవంబరు 1 నుండి ఇది కేంద్రపాలిత ప్రాంతం. లెఫ్టినెంట్ గవర్నరు అధిపతి; శాసనసభ లేదు; లోక్‌సభలో ఒక్కటే స్థానం. జిల్లాకు డిప్యూటీ కమిషనరు అధికారి. పోర్ట్ బ్లెయిర్, ఫెరార్‌గంజ్, లిటిల్ అండమాన్ అనేవి తహశీళ్లు. 2024లో పోర్ట్ బ్లెయిర్ నగరానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. శాసనసభ లేని చోట పురపాలక మండలి, జిల్లా పరిషత్తు, గ్రామ పంచాయతీలే ప్రజల గొంతుక. కనుక పంచాయతీ సభకు వెళ్లి నీటిని గురించి అడగడం ఇక్కడి పౌరునికి మరింత ముఖ్యమైన బాధ్యత.

ఒక్క మాట మరువరాదు. మనమందరం ఇక్కడికి వలస వచ్చినవారి సంతానమే. జరవాలు, ఓంగీలు మనకన్న వేల ఏండ్ల ముందటివారు. వారి అడవులకు 1956 నాటి నిబంధన రక్షణ కల్పించింది. ఈ నేల మనదని చెప్పేముందు, అది తొలుత వారిదని అంగీకరించాలి.

నేనిప్పుడు ‘ముఖ్య భూమి’ని ‘ఖండ భూభాగం’ అని అనువదిస్తున్నాను. అందులో హెచ్చుతగ్గులు లేవు. దేశానికి ఈ తీరమూ ఒక తీరమే. ఇక్కడి బిడ్డకు ఇదే ముఖ్య భూమి.