పళ్లెం కింద రబ్బరు చక్రం

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత పాటల గురించి మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. నేను ఆ పాటలను తిప్పిన యంత్రం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. 2022లో మనం ఎన్టీఆర్ జిల్లా వాళ్లమయ్యాం గాని, నేను చెప్పేది కృష్ణా జిల్లా మెట్టలో మనం పెరిగిన నాటి సంగతి.

నాణెం వేస్తే పాడే జూక్‌బాక్సులు పెద్ద నగరాల సరదా. 1950లో అమెరికాలో సీబర్గ్ కంపెనీ తెచ్చిన పెట్టెలో 50 రికార్డులు, 100 పాటలు ఉండేవి. జగ్గయ్యపేట, నందిగామల్లో మనమెరిగినవి కీ ఇచ్చే గ్రామఫోను, పెళ్లిపందిట్లో మైకుసెట్టు వారి రికార్డు ప్లేయరు. పెట్టె ఏదైనా అసలు పని ఒకటే: రికార్డును మోసే పళ్లెం ఒకే వేగంతో తిరగాలి. 78 చుట్లు తిరగవలసింది 73, 74 తిరిగితే పాట దాదాపు ఒక స్వరస్థానం కిందికి దిగిపోతుంది.

గ్రామఫోనులో కీ ఇస్తే ఉక్కు స్ప్రింగు బిగుసుకుంటుంది. అది విప్పుకుంటూ పళ్లచక్రాల ద్వారా పళ్లేన్ని తిప్పుతుంది. వేగం పెరిగితే గవర్నరు గుండ్లు బయటికి విచ్చుకుంటాయి. బిళ్ల తోలుముక్కకు ఒరుసుకుని వేగం తగ్గుతుంది.

కరెంటు ప్లేయర్లు చాలావాటిలో మోటారు నిమిషానికి సుమారు 1400 చుట్లు తిరుగుతుంది. దాని ఇరుసుకు మెట్లుమెట్లుగా చిన్న కప్పీ ఉంటుంది. ఆ కప్పీకి, పళ్లెం లోపలి అంచుకు నడుమ ఒక రబ్బరు చక్రం. లావు మెట్టుకు ఆనితే 78, సన్నపు మెట్టుకు ఆనితే 45 లేదా 33. రబ్బరు చక్రం కాస్త అరిగి చిన్నదైనా వేగం మారదు. జారితేనే మారుతుంది.

ఇక నా తప్పు చెబుతాను. నాన్నగారు పాట అయిపోగానే మీట తిప్పి ఆపేవారు. ఆయన పోయాక నేను గోడ స్విచ్చి తీసేసేవాణ్ణి. ఆ తర్వాత కొన్నేళ్లు పెట్టె అటక మీదే ఉంది. ఒకరోజు అమ్మ అడిగితే దించి పెట్టాను. నాలుగు చరణాలు విని, "ఒరే, ఇది మీ నాన్న పెట్టే పాట కాదురా, గొంతుకు జ్వరమొచ్చినట్టుంది" అంది. రికార్డే అరిగిపోయిందనుకుని పాత సామానుల వాడికి ఇచ్చేయబోయాను.

చివరిమాటగా నందిగామలో ఒక మెకానిక్కుకు చూపించాను. ఆయన పళ్లెం ఎత్తి, "ఆపేటప్పుడు మీట తిప్పరా, స్విచ్చి తీస్తారా?" అని అడిగాడు. మీట తిప్పితే రబ్బరు చక్రం పక్కకు జరుగుతుంది. స్విచ్చి తీస్తే కప్పీకి నొక్కుకునే ఉండి, ఏళ్ల తరబడికి సొట్టపడి గట్టిపడుతుంది. కొత్త రబ్బరు వేసి, కప్పీని స్పిరిట్‌తో తుడిచి, మోటారు ఇరుసుకు రెండు చుక్కల నూనె వేశాడు. ఆ సాయంత్రం అమ్మ రెండోవైపు కూడా పెట్టమంది.

మీ అటక మీద కూడా అలాంటి పెట్టె ఉంటే అమ్మేసే ముందు ఒక్కసారి పళ్లెం ఎత్తి చూడండి. రబ్బరుకు మాత్రం నూనె తగలనివ్వకండి. ఆపేటప్పుడు మీట తిప్పండి; మనవలకూ నేర్పండి.