కఫ్తాన్‌కు కత్తెర పెట్టేముందు

పట్టాలు అందుకుంటున్న ఫ్యాషన్ డిజైన్ విద్యార్థులకు అభినందనలు. ఫీజులు కట్టిన అమ్మానాన్నలకు రెండింతల అభినందనలు.

మన బజారులో కఫ్తాన్ అంటే నైటీ. మొరాకోలో అది పెళ్లి బట్ట. ఇవాళ ఆ దేశపు ఆడవాళ్ల బట్టల గురించే నాలుగు మాటలు చెబుతాను. ఈ కథను చాలామంది 1966లో మరాకేష్ నగరం చూడబోయిన ఫ్రెంచి డిజైనర్ ఈవ్ సెయింట్ లారెంట్‌తో మొదలుపెడతారు. ఆ ఊరి రంగులు ఆయన కుంచెను మార్చిన మాట నిజమే. 2017లో అక్కడ ఆయన పేరిట మ్యూజియం కూడా తెరిచారు. కానీ ఆయన రాకముందే వీధుల్లో మార్పు మొదలైంది. ఒళ్లంతా చుట్టుకునే హాయిక్ అనే వస్త్రం జారిపోకుండా ఒక చేత్తో పట్టుకునే నడవాలి. బడికీ కొలువుకీ పోయే ఆడవాళ్లకు రెండు చేతులూ కావాలి కదా! వాళ్లు మగవాళ్ల జెల్లాబాను, అంటే తలముసుగు కలిపి కుట్టిన పొడవాటి అంగీని, తమది చేసుకున్నారు. ఇప్పుడు దాన్నే సంప్రదాయం అంటున్నాం.

కఫ్తాన్ అందమంతా దాని అంచుల్లో ఉంటుంది. ముందువైపు నిలువునా స్ఫీఫా అనే అల్లిక పట్టీ, దాని వెంట వరసగా దారపు గుండీలు. సెఫ్రూ పట్టణపు ఆడవాళ్లు సూదితో ఒక్కొక్క గుండీనీ చుట్టి అల్లుతారు. పాతకాలపు దర్జీ కొట్టు ముందు ఓ కుర్రాడు దారాలు వేళ్లకు తగిలించుకుని నిలబడతాడు. దర్జీ కుట్టు వేసినప్పుడల్లా వాడు దారాలను అటూ ఇటూ దాటిస్తాడు. అలా అంచు వెంబడి జడ పడుతుంది. ఆ పనిలోని ఓపిక చూడాలంటే మర్యమ్ తూజానీ 2022 సినిమా 'ది బ్లూ కఫ్తాన్' చూడండి. 2025 డిసెంబరులో మన ఢిల్లీలో జరిగిన సమావేశంలోనే యునెస్కో మొరాకో కఫ్తాన్ కళను వారసత్వ జాబితాలో చేర్చింది.

తామీ తాజీ వంటి మొరాకో డిజైనర్లు పాత కుట్టుపనిని ఉంచుకునే కొత్త కఫ్తాన్లు చేశారు. మీరూ చేయండి. పొడవు తగ్గించండి, నడుము బిగించండి, నాకేం అభ్యంతరం లేదు. చేతిపని మొత్తం తీసేసి, ప్రింటు గుడ్డ కుట్టి మొరాకో పేరుతో అమ్మితే మాత్రం దాన్ని నైటీ అనే అంటాను.

రేపు మీరు మగ్గం వర్క్ చేయించినా సరే, సెఫ్రూ నుంచి గుండీలు తెప్పించినా సరే, కూలి దగ్గర బేరమాడకండి. గీత గీసేముందు ఆ బట్ట వేసుకునే మనిషిని పిలిచి, ఏ పనికి వేసుకుంటారో అడగండి.