ఓడరేవులో తలుపు పడితే మన మిల్లు గేటూ పడుతుంది
(రాజపాళయం మిల్లు కార్మికుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగం)



రాత్రి షిఫ్టు దిగి, నిద్ర మానుకొని వచ్చినవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. అందుకని నేరుగా విషయానికి వద్దాం. ఈరోజు మనం ఓడరేవుల గురించి మాట్లాడుకోవాలి. "నూలు వడికేవాళ్ళం, ఓడలతో మనకేం పని?" అని కొందరు అడిగారు. ముందు దానికే జవాబు చెప్పుకుందాం.

సన్న నూలుకు కావలసిన పొడుగు పింజ పత్తి ఈజిప్టు, అమెరికా దేశాల నుంచి వస్తుంది. తూత్తుకుడి రేవులో దిగి, ఒక పూట లారీ ప్రయాణంతో మన బ్లోరూముకు చేరుతుంది. మనం కోన్లు చుట్టి పెట్టెల్లో సర్దిన నూలూ, పక్కనున్న చత్రపట్టిలో నేసే బ్యాండేజి గుడ్డా అదే దారిన బయటి దేశాలకు పోతాయి. రేవులో సరుకు నిలిచిపోతే గోడౌను నిండుతుంది. "రేపు రావద్దు" అనే మాట మొదట బదిలీ కార్మికుడి చెవినే పడుతుంది.

ఈ బంధం నిన్న మొన్నటిది కాదు. తెల్లవారి ఓడల కంపెనీకి పోటీగా 1906లో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టిన వ.ఉ.చిదంబరం పిళ్ళైయే, 1908లో తూత్తుకుడి కోరల్ మిల్లు సమ్మెకు అండగా నిలిచారు. కార్మికులు కూలి పెంపు సాధించుకున్నారు. ఆ మార్చి 12న ఆయనను అరెస్టు చేస్తే మిల్లు కార్మికులు మళ్ళీ పని మానేశారు. 2011 నుంచి ఆ రేవుకు ఆయన పేరే ఉంది. పేరు పెట్టుకున్నారు సరే, ఆ రేవులో పనిచేసేవాళ్ళ గతి ఏమిటో చూద్దాం.

ఒకప్పుడు బేళ్ళను గుంపులు గుంపులుగా మనుషులే ఎత్తి దించేవారు. 1956లో అమెరికాలో 58 ఇనుప పెట్టెలతో ఒక ఓడ బయలుదేరింది. కంటైనర్ యుగం అక్కడ మొదలైంది. వందమంది పని క్రేను ఎక్కిన ఒక్కడి చేతికి వచ్చింది. పాత పద్ధతి మీద బతికిన లండన్ డాకులు 1981 నాటికి మూతపడ్డాయి. యంత్రం వద్దని మనం అనము. రింగ్‌ఫ్రేములు మారినప్పుడూ అనలేదు. యంత్రం మిగిల్చిన లాభంలో కూలివాడి వాటా ఎంత అన్నదే మన ప్రశ్న.

తరువాతి మార్పు యాజమాన్యంలో వచ్చింది. నేల, నీళ్ళు ప్రభుత్వానివి, సరుకు ఎత్తి దించే పని ప్రైవేటు కంపెనీలది. ఇదే ఇప్పటి విధానం. తూత్తుకుడిలో 1990ల చివరలో కంటైనర్ బెర్తు ఇలాగే ప్రైవేటు చేతికి వెళ్ళింది. 2024 సెప్టెంబరు 16న మరో కంటైనర్ టెర్మినల్ ప్రారంభమైంది. ఆంధ్రలో కృష్ణపట్నం, గంగవరం రేవులు 2020, 2021 సంవత్సరాలలో అదానీ సంస్థ చేతికి వచ్చాయి. పెద్ద రేవుల ట్రస్టులను 2021 చట్టం అథారిటీలుగా మార్చింది. 1908 నాటి ఓడరేవుల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది.

ఇందులో కార్మికుడికి దక్కిందేమిటి? పెద్ద రేవుల కార్మిక సంఘాలన్నీ కలిసి 2024 ఆగస్టు 28 నుంచి సమ్మె అన్నాయి. ముందురోజే ప్రభుత్వం దిగివచ్చి 8.5 శాతం పెంపుతో ఒప్పందం చేసుకుంది. ఐకమత్యం ఉంటే సమ్మె చేయకుండానే గెలవవచ్చు. అయితే ఆ ఒప్పందం రేవు పద్దులో పేరున్నవారిది. కాంట్రాక్టరు కింద పెట్టె కొక్కేలు తగిలించేవాడికి అది వర్తించదు. అదే బెర్తు, అదే ఎండ, కూలి మాత్రం వేరు. మన మిల్లులలో పర్మనెంటుకూ క్యాంపు కూలికీ ఉన్న తేడాయే అక్కడా ఉంది.

ఓడల దారులూ మారుతున్నాయి. ఎర్ర సముద్రంలో 2023 నవంబరు నుంచి దాడులు మొదలవడంతో చాలా ఓడలు ఆఫ్రికా చుట్టి వెళ్ళాయి. పది పన్నెండు రోజులు ఆలస్యం, ఆపైన కిరాయి పెంపు. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. ఇలాంటి ప్రతి దెబ్బా చివరకు ఓవర్‌టైం కోతగానో లేఆఫ్‌గానో మన దగ్గరికే వస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దాచకుండా చెప్పుకుందాం. 2024లో గంగవరం రేవు కార్మికులు సమ్మె చేస్తే విశాఖ ఉక్కు కర్మాగారానికి బొగ్గు అందక ఇబ్బంది వచ్చింది. రేపు తూత్తుకుడిలో సమ్మె జరిగితే మనకు పత్తి రాదు. అప్పుడు మన కూలి పోయిందని వాళ్ళను తిడదామా? తిట్టమనే యజమానులు చెబుతారు. వాళ్ళ కూలి తగ్గించి మిగిల్చిన పైసా మన జీతంలో ఎన్నడూ కలవలేదు. 2024 అక్టోబరులో అమెరికా తూర్పు తీరపు డాకు కార్మికులు మూడు రోజులు పని ఆపి, ఆరేళ్ళలో 62 శాతం పెంపు సాధించారు. అక్కడా ముందు తిట్లే పడ్డాయి.

ఇప్పుడు చట్టం కూడా మనల్ని ఒకే గాటికి కట్టింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో మన ఫ్యాక్టరీల చట్టమూ, డాకు కార్మికుల భద్రతా చట్టమూ ఒకే కోడ్‌లో కలిసిపోయాయి. భద్రత కోసం ఇకపై ఇద్దరం పోరాడవలసింది ఒకే చట్టం కింద.

కాబట్టి మనం చేయవలసినవి మూడు.

ఒకటి, "ఓడ రాలేదు, పత్తి లేదు" అని పని ఆపితే అది చట్టప్రకారం లేఆఫే. యాభైమంది, అంతకు మించి ఉన్న మిల్లులో ఏడాది సర్వీసు ఉన్నవారికి మూలవేతనం, కరువు భత్యంలో సగం రావాలి. బదిలీ కార్మికుడైనా ఏడాది నిరంతర సర్వీసు, అంటే పన్నెండు నెలల్లో 240 రోజులు, పూర్తిచేస్తే హక్కు ఉంది. కానీ లేఆఫ్ రోజుల్లో ఇంట్లో కూర్చోకండి. రోజుకు ఒకసారైనా చెప్పిన వేళకు మిల్లుకు వెళ్ళి కనిపించాలి. అలా వెళ్ళకపోతే ఆ పరిహారం పోతుంది.

రెండు, హాజరు చీటీలు, జీతం చీటీలు పారేయకండి. 240 రోజులు లెక్క చూపేది అవే. చదువురాని వారికీ, ఒడిశా, బీహారు నుంచి వచ్చిన వారికీ లెక్క కట్టిపెట్టే బాధ్యత యూనియన్‌ది. చీటీలు తెచ్చి ఆఫీసులో ఇవ్వండి.

మూడు, తూత్తుకుడి రేవులో కాంట్రాక్టు కార్మికులు కూలి కోసం నిలబడిన రోజు మన ప్రతినిధులు వాళ్ళ గేటు దగ్గర ఉండాలి. మన గేటు పడిన రోజు వాళ్ళను పిలిచే హక్కు మనకు అప్పుడే ఉంటుంది.

ఈ మూడింటినీ తీర్మానంగా మీ ముందు పెడుతున్నాము. చర్చించండి, సందేహాలుంటే అడగండి, ఆ తరువాతే చేతులెత్తండి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!