కొండగోగు బంక - నీటిలోని పాదరసము

వరంగల్లు వాసులమగు మనము ధర్మసాగరము, వడ్డేపల్లి చెరువుల నీరు త్రాగువారము. పగిలిన థర్మామీటరునో, ట్యూబులైటునో మనము బయట పారవేసినచో, అందలి పాదరసము వాననీటితో ఎచ్చటికి చేరునో చెప్పలేము. నీట కరగిన పాదరస లవణము కంటికి కనబడదు.

దానిని పట్టియిచ్చు ఉపాయమొకటి మన తెలంగాణపు రాళ్లగుట్టలపై పెరుగు కొండగోగు చెట్టునందు కలదు. హైదరాబాదులోని భాభా అణుపరిశోధన సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులును, ఉస్మానియా విశ్వవిద్యాలయమువారును 2014లో దీనిని ప్రకటించిరి. కొండగోగు బంక కలిపిన నీటిలో సిల్వర్ నైట్రేటు వేసి కాచినచో వెండి కణము లేర్పడును. మిల్లీమీటరును పదిలక్షల పాళ్లు చేసిన ఒక పాలు నానోమీటరు. ఈ కణములు కొద్ది నానోమీటర్లవి మాత్రమే. వెండిని వెలికి తీయునదియు బంకయే, కణములు ఒకదానికొకటి అంటుకొనకుండ కాచునదియు బంకయే. ఇంత సన్నమైన వెండి తెల్లగా నుండదు సుమా! ద్రావణము పసుపుపచ్చగా నుండును. పాదరస లవణము తగిలినంతనే వెండి కరగి, ఆ పసుపు వెలిసిపోవును.

అయితే, రంగు వెలియనంత మాత్రమున నీరు మంచిదని తలపరాదు. త్రాగునీట పాదరసము లీటరుకు 1 మైక్రోగ్రామును మించరాదని భారతీయ ప్రమాణము. అంత స్వల్పమును ఈ రంగు చెప్పజాలదు. ప్రయోగశాల పరీక్ష తప్పదు.

థర్మామీటరు పగిలినచో ఆ పూసలను చీపురుతో ఊడ్వక, గట్టి కాగితముతో ప్రోగుచేసి మూతగల సీసాలో నుంచవలెను. తూములో మాత్రము పోయరాదు.