కళ్లారా చూసిన కాన్సల్: రోజర్ కేస్‌మెంట్ ఉద్యోగ జీవితం

దౌత్యవేత్త ప్రతిభను మనం సాధారణంగా సంధిపత్రాల్లో వెతుకుతాం. ప్రభుత్వం మనసెరిగి మసలుకునేవాణ్ణి సమర్థుడంటాం. బ్రిటిష్ కాన్సల్ రోజర్ కేస్‌మెంట్ పేరు మాత్రం రెండు నివేదికల వల్ల నిలిచింది. పరాయి గడ్డ మీద ఉన్న ప్రతినిధికి మొదటి విధి చూసింది చూసినట్లు రాయడమేననీ, మిగతా దౌత్యమంతా దాని మీదే నిలబడుతుందనీ నేను వాదించదలచాను.

1885 నాటి బెర్లిన్ ఒడంబడిక తర్వాత కాంగో బెల్జియం రాజు లియోపోల్డ్ సొంత ఆస్తిలా మారింది. అక్కడి అత్యాచారాల మీద 1903 మే నెలలో బ్రిటిష్ కామన్స్ సభ తీర్మానం చేసింది. కాంగోలోని బోమాలో కాన్సల్‌గా ఉన్న కేస్‌మెంట్ ఆ వేసవిలోనే ఎగువ కాంగోకు బయలుదేరాడు. కాంగో ప్రభుత్వ పడవ ఎక్కితే అక్కడి అధికారులు చూపించినదే చూడాలి. అందుకని అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారి చిన్న స్టీమరును అద్దెకు తీసుకున్నాడు. ఆయన ఉద్యోగ జీవితంలో ఇంతకన్నా తెలివైన నిర్ణయం నాకు కనిపించదు. ఏ ఊళ్లో ఆగాలో, ఎవరితో మాట్లాడాలో ఆయన చేతుల్లోనే ఉంది. ఊరికి ఇంత రబ్బరని తూకం కట్టి వసూలు చేయడం, లోటు పడితే ఆడవాళ్లను బందీలుగా పట్టుకోవడం, తూటాల లెక్క చెప్పడానికి సిపాయిలు మనుషుల చేతులు నరికి తేవడం, ఇవన్నీ బాధితుల నోటి మాటగానే రాసుకున్నాడు. ఒకప్పుడు 40,000 మంది ఉన్న బొలోబోలో ఇప్పుడు 7,000, 8,000కి మించి లేరని నమోదు చేశాడు. జనం తగ్గడానికి అతినిద్ర జబ్బు కూడా ఒక కారణమని దాచకుండా చెప్పాడు. తన వాదానికి అడ్డొచ్చే సంగతినీ రాసినవాడి మాటకు బరువుంటుంది.

1904లో నివేదిక అచ్చయినప్పుడు విదేశాంగ శాఖ పేర్లు తీసేసి అక్షరాలు పెట్టింది. కేస్‌మెంట్ మండిపడ్డాడు. సాక్షులకు రక్షణ కావాలన్న మాట నిజమే కానీ, నేరస్థుల పేర్లూ సాక్షుల పేర్లతోపాటే మరుగునపడ్డాయి.

ఆయన పొరబడలేదా అని అడగవచ్చు. ఎపోండో అనే కుర్రాడి చెయ్యి సిపాయి నరికాడని కేస్‌మెంట్ రాశాడు. తర్వాత ఆ కుర్రాడే అడవిపంది కొరికిందని మాట మార్చాడు. రాజు పక్షం దీన్నే పట్టుకుని నివేదికంతా కట్టుకథ అంది. అయితే లియోపోల్డ్ స్వయంగా నియమించిన విచారణ సంఘమే 1905లో ముఖ్యాంశాలను ధ్రువీకరించింది. 1908లో కాంగో రాజు చేతి నుంచి బెల్జియం ప్రభుత్వానికి పోయింది.

ఇంకో ఆక్షేపణ మరింత బరువైనది: సొంత వలసల్లో బ్రిటన్ చేసినదేమిటి? ఈ ప్రశ్నకు బ్రిటన్ దగ్గర జవాబు లేదు. కానీ కేస్‌మెంట్ 1910లో అమెజాన్ అడవుల్లోని పుటుమాయో ప్రాంతానికి వెళ్లి వేలెత్తి చూపింది లండన్‌లో రిజిస్టరైన రబ్బరు కంపెనీనే. కూలీలపై కాపలాకు పెట్టిన బార్బడోస్ మనుషులు బ్రిటిష్ ప్రజలు. వాళ్ల యోగక్షేమాలు విచారించే అధికారం పట్టుకుని, ఆదివాసులపై జరిగిన హింసను వాళ్ల వాంగ్మూలాలతోనే రుజువు చేశాడు. 1911లో సర్ బిరుదు వచ్చింది.

ఐర్లాండ్‌లో పుట్టిన కేస్‌మెంట్ 1913లో రాజీనామా చేసి, తర్వాత ఐర్లాండ్ స్వాతంత్ర్యం కోసం బ్రిటన్‌తో యుద్ధంలో ఉన్న జర్మనీ సాయం కోరాడు. రాజద్రోహ నేరంపై ఆయన్ను 1916 ఆగస్టు 3న లండన్‌లో ఉరితీశారు. రాజద్రోహి మాటకు విలువేమిటన్నవారున్నారు. కాంగో సాక్ష్యాన్ని లియోపోల్డ్ నియమించిన న్యాయమూర్తులు తూచారు, పుటుమాయో సాక్ష్యాన్ని కామన్స్ సభ సంఘం తూచింది. ఆ తూకం ఆయన రాజకీయాలు బయటపడకముందే ముగిసింది.